గెలిస్తే ప్రమోషన్ రాదు, పిలిస్తేనే వస్తుంది: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పై అంతస్తు కథ

ఈ ఎపిసోడ్ పుట్టింది ఒక వాట్సాప్ స్క్రీన్‌షాట్ నుంచి.

మా పిన్ని కొడుకుకి అమెరికాలో ఎంఎస్ సీటొచ్చింది. ఏ యూనివర్సిటీ అన్నది వదిలేద్దాం. ఫీజు అంచనా కాగితం వచ్చిన రోజు రాత్రి పన్నెండింటికి స్క్రీన్‌షాట్ పంపించాడు. అందులో ఒక లైన్ చుట్టూ ఎర్ర గీత గీశాడు. "అన్నయ్యా, ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్స్ ఫీజు అంట. నేను ఆటలేమీ ఆడట్లేదు కదా, ఇది తీసేయమని మెయిల్ పెట్టొచ్చా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నేను చదువుకున్న రోజుల్లో నా బిల్లులో కూడా సరిగ్గా ఇలాంటి లైనే ఉండేది. నేను అడగలేదు. నోరు మూసుకుని కట్టేశాను. చదువు అయిపోయాక చాలా రోజులకి తెలిసింది, ఆ డబ్బులో పెద్ద భాగం ఎటు పోయిందో. మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కింది డివిజన్ నుంచి పై డివిజన్‌కి వెళ్లే పనిలో ఉంది. ఆ నిచ్చెనకి ఒక మెట్టు నేను కూడా కొనిపెట్టానన్న మాట.

సరే, ఈ పైకి వెళ్లడం అంటే ఏంటి? ఇది అర్థం కావాలంటే ముందు హైదరాబాద్ క్రికెట్ దగ్గర మొదలెట్టాలి.

2024 జనవరిలో రంజీ ట్రోఫీ మ్యాచ్‌లో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా అంతకుముందు ఎవ్వరూ కొట్టలేదు. చివరికి 366 దగ్గర అవుటయ్యాడు. నేను ఫోన్లో స్కోర్ చూసి యాప్ పాడైందేమో అనుకున్నా. కానీ ఎదురుగా ఉన్న జట్టు అరుణాచల్ ప్రదేశ్. అది ప్లేట్ గ్రూప్ మ్యాచ్. రెండుసార్లు రంజీ గెలిచిన హైదరాబాద్, అజారుద్దీన్, లక్ష్మణ్ ఆడిన హైదరాబాద్, ప్లేట్ గ్రూప్‌లో ఎందుకు ఉంది? అంతకుముందు సీజన్లో ఎలైట్ గ్రూప్‌లో అడుగున నిలిచింది, దిగిపోయింది. అంతే. ఆ ఏడాది ప్లేట్ గెలిచింది, మళ్లీ పైకి వచ్చింది. పరువు పోయింది గ్రౌండ్‌లోనే, తిరిగొచ్చింది కూడా గ్రౌండ్‌లోనే.

ఇప్పుడు ఇంకోలా ఊహించుకోండి. హైదరాబాద్ ప్లేట్ గెలిచింది. బోర్డు వాళ్లు చప్పట్లు కొట్టి, "బాగా ఆడారయ్యా, కానీ గెలుపుకీ పైకి రావడానికీ సంబంధం లేదు. పైనున్న జట్ల గుంపులో ఎవరో ఒకరు మిమ్మల్ని పిలిచి ఉత్తరం ఇవ్వాలి. దానితో పాటు నలభై కోట్లకు పైగా ఫీజు కట్టండి. రెండేళ్లు ఏ కప్పూ ఆశించకండి" అన్నారనుకోండి. మీరేమంటారు? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పద్ధతి అచ్చం ఇదే.

ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు, ముందే చెప్పేస్తున్నా. కోడిగుడ్డు ఆకారం బంతి, హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు, చేత్తో పట్టుకుని పరుగు. రూల్స్ జోలికి వెళ్లను, ఈ కథకి అక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం తెలియాలి: అక్కడ కాలేజీ ఆట అంటే మన జోనల్ మీట్ లాంటిది కాదు. మిచిగన్ యూనివర్సిటీ సొంత స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చుంటారు. మన దేశంలో అంతకంటే పెద్ద క్రికెట్ స్టేడియం అహ్మదాబాద్‌ది ఒక్కటే. అక్కడ అది ఒక కాలేజీ గ్రౌండ్.

కాలేజీ ఆటల్లో చాలావాటిని నడిపేది ఎన్‌సీఏఏ. అందులో మూడు డివిజన్లు ఉన్నాయి. మొదటి డివిజన్‌ని ఒక్క ఫుట్‌బాల్ కోసం 1978లో రెండుగా చీల్చారు. 2006 నుంచి పై దాన్ని ఎఫ్‌బీఎస్ అనీ, కింది దాన్ని ఎఫ్‌సీఎస్ అనీ అంటున్నారు. ఈ అక్షరాలు గుర్తుపెట్టుకోవద్దు, నాకే ఇప్పటికీ తడబాటు వస్తుంది. పై అంతస్తు, కింది అంతస్తు అనుకుందాం. 2025 సీజన్‌కి పై అంతస్తులో 136 జట్లు ఉన్నాయి. టీవీ డబ్బు, పేరు, పెద్ద స్టేడియాలు దాదాపు అన్నీ అక్కడే. దశాబ్దాల పాటు పై జట్టు 85 మందికి పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వగలిగేది. కింది జట్టుకి 63 మందికి సరిపడా మాత్రమే, దాన్నే ముక్కలు చేసి ఎక్కువ మందికి పంచుకునేవాళ్లు. ఇప్పుడు కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత ఆ లెక్కలు మారుతున్నాయి, అది వేరే ఎపిసోడ్.

రెండు అంతస్తుల మధ్య మెట్లు మాత్రం లేవు. పైన 12 మ్యాచ్‌లకి 12 ఓడిన జట్టు కూడా పైనే ఉంటుంది. కింద ఛాంపియన్ అయిన జట్టు కిందే ఉంటుంది. నార్త్ డకోటా స్టేట్ అని ఒక జట్టు ఉంది. 2011 సీజన్ నుంచి 2024 సీజన్ లోపు పదిసార్లు కింది అంతస్తు కప్పు కొట్టింది. పది! ఇంగ్లండ్ సాకర్ లీగుల్లో అయితే రెండో కప్పు కొట్టే ఛాన్సే ఉండదు, మొదటిదానికే పైకి తోసేస్తారు.

పోనీ, కింది వాళ్లు నిజంగానే తక్కువా అంటే, అదీ కాదు. 2007 సెప్టెంబర్ 1. ఇందాక చెప్పిన మిచిగన్ స్టేడియం, లక్షా తొమ్మిది వేల మంది జనం. దేశంలో ఐదో ర్యాంకులో ఉన్న మిచిగన్ మీద ఆడటానికి నార్త్ కరోలైనా కొండల్లోంచి అపలేచియన్ స్టేట్ అనే కింది అంతస్తు జట్టు వచ్చింది. ఎందుకు వచ్చింది? నాలుగు లక్షల డాలర్లు ఇస్తామన్నారు కాబట్టి. సీజన్ మొదట్లో పెద్ద జట్లు చిన్న జట్లకి డబ్బిచ్చి పిలిపించుకుని, ఈజీగా గెలిచి, జనాన్ని సంతోషపెడతాయి. మ్యాచ్ ప్రాక్టీస్, టికెట్ల డబ్బు, ఒక గెలుపు, మూడూ వచ్చేస్తాయి. ఆ రోజు మాత్రం ఆఖరి క్షణాల్లో మిచిగన్ కొట్టబోయిన ఫీల్డ్ గోల్‌ని అపలేచియన్ వాళ్లు అడ్డుకున్నారు. 34-32. డబ్బిచ్చి పిలిపించుకుని మరీ ఓడిపోయారు.

మరి అపలేచియన్ పైకి వెళ్లిందా? వెళ్లింది, కానీ 2014లో. ఆ గెలుపుకి ఏడేళ్ల తర్వాత, ఒక కాన్ఫరెన్స్ పిలిచాక.

ఈ కాన్ఫరెన్స్ అన్న మాటే అసలు తాళంచెవి. పది పన్నెండు యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న గుంపు అది. తమలో తాము మ్యాచ్‌లు ఆడుకుంటాయి, టీవీ డబ్బు పంచుకుంటాయి. పై అంతస్తు గుంపు ఏదైనా మిమ్మల్ని పిలవకపోతే మీరు పైకి రాలేరు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో స్టేట్‌కి ఇది బాగా తెలుసు. పిలిచేవాళ్లు దొరక్కపోతే ఏ గుంపులోనూ లేకుండా ఒంటరిగానే పైకి వస్తాం, మినహాయింపు ఇవ్వండి అని అడిగారు. 2025 జూన్‌లో ఎన్‌సీఏఏ కుదరదు అంది.

పిలుపు వచ్చాక ఫీజు. ఇది వినండి. 2023 దాకా పైకి వెళ్లడానికి దరఖాస్తు ఫీజు 5,000 డాలర్లు. ఆ ఏడాది అక్టోబర్‌లో దాన్ని 50 లక్షల డాలర్లు చేశారు. నేను తప్పు చదవలేదు. ఐదు వేల నుంచి యాభై లక్షలకి, వెయ్యి రెట్లు. మన డబ్బులో 40 కోట్ల పైమాటే. దానితో పాటు అన్ని ఆటలకీ కలిపి ఏటా కనీసం 60 లక్షల డాలర్ల స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలని కూడా పెట్టారు. పైనున్న వాళ్లకి కింది నుంచి జనం మరీ ఎక్కువ వచ్చేస్తున్నారనిపించింది, తలుపు బరువు పెంచారు.

ఆ తర్వాత రెండేళ్ల నిరీక్షణ. ఆ రెండేళ్లు మీరు కింది అంతస్తు ప్లేఆఫ్ ఆడకూడదు, ఎందుకంటే మీరు వెళ్లిపోతున్నారు. పై అంతస్తు సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచ్‌కీ అర్హత లేదు, ఎందుకంటే మీరింకా రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటాం చూడండి, దాన్ని రూల్ బుక్‌లో రాసి పెట్టారు.

ఆ రేవడి బతుకు ఎలా ఉంటుందో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీని అడగాలి. వర్జీనియాలో హ్యారిసన్‌బర్గ్ అనే ఊళ్లో ఉంది. కింది అంతస్తులో 2004లో, 2016లో ఛాంపియన్. 2021 నవంబర్‌లో పై అంతస్తులోని సన్ బెల్ట్ కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నాం అని ప్రకటించింది. పాత కాన్ఫరెన్స్‌కి కోపం వచ్చింది. వాళ్ల నిబంధనల్లో ఒకటుంది: వెళ్లిపోతున్నవాళ్లు మా టోర్నమెంట్లలో ఆడటానికి వీల్లేదు. దాన్ని ఆ ఏడాది మిగిలిన ఆటలన్నిటికీ తీసుకొచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ కథలో నాకు బాధ కలిగించేది ఇదే. జేమ్స్ మాడిసన్ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు 2021 వేసవిలో దేశం మొత్తాన్ని ఆశ్చర్యపరిచింది. ఒడీసీ అలెగ్జాండర్ అనే పిచర్ బంతులేసి, సాఫ్ట్‌బాల్‌లో మహా బలమైన ఓక్లహోమాని వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో ఓడించింది. ఊరూ పేరూ లేని కాలేజీ అనుకున్నవాళ్లంతా టీవీలకి అతుక్కుపోయారు. మరుసటి ఏడాది అదే జట్టుకి సొంత కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లోనే ప్రవేశం లేదు. ఎందుకు? అబ్బాయిల ఫుట్‌బాల్ జట్టు పై అంతస్తుకి వెళ్తోంది కాబట్టి. బాస్కెట్‌బాల్ వాళ్లకీ అదే గతి. నాలుగేళ్లు చదివే పిల్లలకి ఒక ఏడాది అంటే ఆటలో నాలుగో వంతు జీవితం. వాళ్లని ఎవరూ అడగలేదు.

సరే, ఫుట్‌బాల్ జట్టు పైకి వెళ్లింది. మొదటి ఏడాది, 2022లో, వరసగా ఐదు గెలిచి దేశంలో 25వ ర్యాంకు దాకా వచ్చింది. రెండో ఏడాది ఇంకా బాగా ఆడింది. మొదటి పది మ్యాచ్‌లూ గెలిచింది. మినహాయింపు ఇవ్వండి, బౌల్ ఆడనివ్వండి అని అడిగారు. ఎన్‌సీఏఏ ఇవ్వలేదు. ఆ వారమే ఈఎస్‌పీఎన్ వాళ్ల పెద్ద షో కాలేజ్ గేమ్‌డే ఆ క్యాంపస్‌కి వచ్చింది. ఊరంతా పండగ. ఎదుటి జట్టు ఎవరో తెలుసా? అపలేచియన్ స్టేట్. ఓవర్‌టైమ్‌లో 26-23తో జేమ్స్ మాడిసన్ ఓడిపోయింది. పిలవని పేరంటానికి వెళ్లినవాళ్ల గురించి విన్నాం, పిలిచాక కూడా భోజనం పెట్టని పేరంటం ఇది.

చివరికి 11 గెలుపులు, ఒక్క ఓటమి. తమ సగంలో మొదటి స్థానం. కానీ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడే అర్హత లేదు, వీళ్ల బదులు రెండో స్థానంలో ఉన్న అపలేచియన్ ఆడింది. తర్వాత తమాషా చూడండి. ఆ ఏడాది బౌల్ మ్యాచ్‌లకి 82 జట్లు కావాలి. ఆరు గెలుపులున్న జట్లు 79 మాత్రమే తేలాయి. మూడు ఖాళీలు. అప్పుడు తలుపు తీశారు. అలా ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బౌల్‌కి వెళ్లింది జేమ్స్ మాడిసన్. అంటే పదకొండు మ్యాచ్‌లు గెలిచినందుకు కాదు, ఎక్కడో వేరే జట్లు సరిపడా గెలవనందుకు! ఆ బౌల్ నాటికి కోచ్ కర్ట్ సిగ్నెటీ ఇండియానా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఎయిర్ ఫోర్స్ చేతిలో ఓడిపోయారు.

అక్కడితో అయిపోలేదు, నిజం చెప్పాలి కదా. 2025 సీజన్లో అదే జేమ్స్ మాడిసన్ సన్ బెల్ట్ గెలిచి, 12 జట్ల నేషనల్ ప్లేఆఫ్‌లోకి వచ్చింది. ఆరెగాన్ మీద ఆడి ఓడింది, కానీ ఆడింది. హ్యారిసన్‌బర్గ్ లాంటి ఊరికి అది చిన్న విషయమా? కాదు. ఆ రోజు ఆ ఊళ్లో ఎవరినైనా అడిగితే, "పైకి వెళ్లడం మంచిదేనా?" అన్న ప్రశ్నే పిచ్చి ప్రశ్న అంటారు.

అందుకే యూనివర్సిటీలు ఇంత ఖర్చు పెడతాయి. టీవీలో పేరు వినపడితే అప్లికేషన్లు పెరుగుతాయని, పాత విద్యార్థులు విరాళాలు ఇస్తారని ఆశ. ఆట అనేది ఇంటికి వీధి వరండా లాంటిది, లోపలికి రానివాళ్లు కూడా చూసేది అదే అని అక్కడి ప్రెసిడెంట్లు తరచూ అంటుంటారు. వరండాకి మార్బుల్ వేయించడానికి డబ్బు ఎవరిది అన్నదే నా ప్రశ్న.

ఎక్కువ చోట్ల, విద్యార్థులది. పెద్ద పెద్ద జట్లకి టీవీ డబ్బు సరిపోతుంది. పై అంతస్తులోనే చివరి గదుల్లో ఉన్నవాళ్లకి సరిపోదు. జేమ్స్ మాడిసన్ అథ్లెటిక్స్ బడ్జెట్‌లో సింహభాగం చాలా ఏళ్లుగా విద్యార్థుల ఫీజులే. డిగ్రీ చదివే ఫుల్‌టైమ్ విద్యార్థి ఏడాదికి ఆటల కోసమే 2,000 డాలర్లకు పైగా కట్టేవాడు. వర్జీనియా ప్రభుత్వానికే ఇది ఎక్కువ అనిపించి 2015లో చట్టం చేసింది: ఆటల బడ్జెట్‌లో విద్యార్థుల ఫీజు కింది అంతస్తు వాళ్లకి 70 శాతం, పై అంతస్తులో మామూలు జట్లకి 55 శాతం దాటకూడదు. గమనించారా, చట్టం కూడా సగానికి పైగా విద్యార్థుల దగ్గర తీసుకోవచ్చు అంటోంది!

టెక్సస్ స్టేట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు చాలామంది ఉండే ఆస్టిన్‌కి అది దగ్గర. అక్కడ పద్ధతిగానే చేశారు, 2008లో విద్యార్థుల దగ్గర ఓటింగ్ పెట్టారు. పై అంతస్తు కల కోసం అథ్లెటిక్స్ ఫీజు పెంచుకుందామా అని. భారీ మెజారిటీతో పెంచుకుందాం అన్నారు. జట్టు 2012లో పైకి వెళ్లింది. ఓటింగ్ పెట్టినందుకు నేను మెచ్చుకుంటాను. కానీ ఒక లెక్క వేయండి. 2008లో ఓటేసిన ఫైనల్ ఇయర్ కుర్రాడు ఆ వేసవికే వెళ్లిపోయాడు. పెంపు విడతలవారీగా వచ్చింది. పూర్తి ఫీజు కట్టింది అప్పటికి ఇంకా స్కూల్లో ఉన్న పిల్లలు. వాళ్లలో కొందరు అప్పటికి కరీంనగర్‌లోనో, గుంటూరులోనో టెన్త్ చదువుతుండొచ్చు. వాళ్ల ఓటు ఎవరేశారు?

ఇప్పటిదాకా పైకి వెళ్లినవాళ్ల సంగతి. ఒక్క జట్టు మాత్రం తనంతట తాను కిందికి దిగింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ అది.

ఐడహో రాష్ట్రం. ఐడహో యూనివర్సిటీ ఉన్న ఊరి పేరు మాస్కో. అవును, మాస్కోనే. పాతిక వేల జనాభా, చుట్టూ గోధుమ పొలాలు. యూనివర్సిటీ 1889లో పెట్టింది. రాష్ట్ర రాజధాని బోయిసీలో బోయిసీ స్టేట్ ఉంది. అది 1932లో చిన్న జూనియర్ కాలేజీగా మొదలైంది. అంటే ఒకరు ఇంటికి పెద్దన్న, ఇంకొకరు చిన్న తమ్ముడు. 1982 నుంచి 1993 దాకా వరసగా పన్నెండేళ్లు అన్న తమ్ముణ్ని ఓడించాడు. 1996లో ఇద్దరూ కలిసి ఒకేసారి పై అంతస్తుకి వెళ్లారు. ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది, ఒకే కాన్ఫరెన్స్. ఎవరు బాగుపడతారో చెప్పమంటే అప్పుడు చాలామంది అన్న పేరే చెప్పేవాళ్లేమో.

తమ్ముడికి రాజధాని ఉంది. పెరుగుతున్న నగరం, కంపెనీలు, టికెట్ కొనే జనం, నీలం రంగు గడ్డితో టీవీలో చూడగానే గుర్తుపట్టే గ్రౌండ్. 2007 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాని 43-42తో ఓడించి దేశమంతా మాట్లాడుకునేలా చేసింది బోయిసీ స్టేట్.

అన్నకి గోధుమ పొలాలు ఉన్నాయి. ఆడేది కిబ్బీ డోమ్‌లో, 16,000 సీట్లు. పై అంతస్తులో ఉండాలంటే ఇంత మంది ప్రేక్షకులు రావాలని అప్పట్లో ఒక నిబంధన ఉండేది. దానికోసం కొన్నేళ్ల పాటు ఐడహో తన హోమ్ మ్యాచ్‌లని ఎనిమిది మైళ్ల దూరంలో పుల్‌మన్ అనే ఊళ్లో ఆడింది. పుల్‌మన్ పక్క రాష్ట్రంలో ఉంది. ఆ స్టేడియం పక్క యూనివర్సిటీది. సొంత ఊళ్లో ఆడితే అర్హత పోతుందని పక్కింటి వాకిట్లో పెళ్లి చేసుకున్నట్టు!

తర్వాత వాళ్లున్న కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్ ఆపేసింది. ఇంకోదానిలో చేరారు. దాంట్లోంచి ఇంకోదానిలోకి. అదీ 2012తో ఫుట్‌బాల్ మూసేసింది. 2013లో ఏ గుంపూ లేకుండా ఒంటరిగా ఆడారు. 2014లో సన్ బెల్ట్ తీసుకుంది. సన్ బెల్ట్ అంటే జార్జియా, అలబామా, లూసియానా. మ్యాప్ తీసి ఐడహో ఎక్కడుందో, జార్జియా ఎక్కడుందో ఒకసారి చూడండి. దేశానికి ఆ మూల నుంచి ఈ మూలకి కుర్రాళ్లని తీసుకెళ్లి, ఎవరికీ పరిచయం లేని జట్లతో ఆడించేవాళ్లు. 2016 మార్చిలో సన్ బెల్ట్ కూడా ఇక చాలు, 2017 తర్వాత మీరు వద్దు అంది.

ఆ ఏప్రిల్‌లో యూనివర్సిటీ ప్రెసిడెంట్ చక్ స్టేబెన్ చెప్పాడు: 2018 నుంచి మేం కింది అంతస్తుకి, మా పాత బిగ్ స్కై కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోతున్నాం అని. 1978లో రెండు అంతస్తులు కట్టాక ఎంతో మంది పైకి వెళ్లారు. ఇలా తనంతట తాను కిందికి వచ్చేస్తాను అన్నది ఐడహో ఒక్కటే. అభిమానులకి కోపం వచ్చింది, పాత విద్యార్థులకి అవమానం అనిపించింది. మనవాళ్లు అయినా అంతే కదా. కార్పొరేట్ కాలేజీలో చేర్పించిన పిల్లాణ్ని మళ్లీ ఊళ్లో గవర్నమెంట్ జూనియర్ కాలేజీకి మారిస్తే, చదువు బాగున్నా సరే, చుట్టాల ముందు నాన్నకి తల ఎత్తబుద్ధి కాదు.

విచిత్రం ఏంటంటే, దిగిపోతున్నాం అని చెప్పిన ఆ ఏడాదే ఆ జట్టు తొమ్మిది మ్యాచ్‌లు గెలిచింది. బౌల్‌కి వెళ్లింది. ఆ బౌల్ పేరు ఫేమస్ ఐడహో పొటాటో బౌల్. బంగాళాదుంప బౌల్! జరిగేది ఎక్కడ? బోయిసీలో, తమ్ముడి నీలం గ్రౌండ్ మీద. అక్కడ కొలరాడో స్టేట్‌ని 61-50తో ఓడించారు. పైన ఉన్నన్నాళ్లూ ఐడహో మూడు బౌల్స్ ఆడింది, మూడూ బోయిసీలోనే, మూడూ గెలిచింది. 2009లో గెలిచిన బౌల్ స్కోరు కూడా 43-42. దాన్ని మాస్కోలో తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని ఐడహోని అనాలనిపిస్తుంది. నేను అనను. వాత పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, చెరుపుకున్నవాళ్లు వీళ్లొక్కరే. మసాచుసెట్స్ యూనివర్సిటీ చూడండి, ఆమ్హెర్స్ట్‌లో ఉన్నది, మన కంప్యూటర్ సైన్స్ పిల్లలకి బాగా తెలిసిన పేరు. 1998లో కింది అంతస్తు ఛాంపియన్. 2012లో పైకి వెళ్లింది. హోమ్ మ్యాచ్‌లు క్యాంపస్‌లో కాకుండా, గంటన్నరకి పైగా దూరంలో ఉన్న ప్రొఫెషనల్ జట్టు స్టేడియంలో పెట్టారు. విద్యార్థి శనివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లి చూడాలి. అప్పట్నుంచి 2024 దాకా ఒక్క సీజన్లో కూడా నాలుగు మ్యాచ్‌లకి మించి గెలవలేదు. అయినా దిగలేదు.

ఐడహో దిగాక వెంటనే అంతా బాగైపోలేదు. 2018లో మొదటి మ్యాచ్‌లోనే ఫ్రెస్నో స్టేట్ చేతిలో 79-13 తో చిత్తుగా ఓడింది. ఆ ఏడాది నాలుగే గెలుపులు. దిగడమే పరిష్కారం అయితే ఇంత నొప్పి ఎందుకు అని జనం తిట్టుకునే ఉంటారు. 2022కి పరిస్థితి మారింది. పాత ప్రత్యర్థి మోంటానాని వాళ్ల గ్రౌండ్‌లోనే ఓడించారు. 2022, 2023, 2024, మూడేళ్లూ ప్లేఆఫ్ ఆడారు. ఇప్పుడు ప్రత్యర్థులు పక్క ఊళ్ల వాళ్లు, అభిమానులు కార్లో వెళ్లొచ్చేంత దూరం. హోమ్ మ్యాచ్ అంటే కిబ్బీ డోమ్‌లోనే. 16,000 సీట్లు ఇప్పుడు తక్కువ కాదు.

బోయిసీ స్టేట్ అంత పేరు వచ్చిందా? రాలేదు, రాదు కూడా. ఐడహో పైనే ఉండి ఉంటే ఏదో ఒక రోజు జేమ్స్ మాడిసన్‌లా ప్లేఆఫ్ చూసేదేమో అనే అభిమాని ఇప్పటికీ ఉంటాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ "ఏదో ఒక రోజు"కి ప్రతి సెమిస్టర్ ఎవరో ఒకరు బిల్లు కడుతూ ఉండాలి.

మళ్లీ మా తమ్ముడి దగ్గరకి వద్దాం. మెయిల్ పెట్టొద్దని చెప్పాను, ఎందుకంటే ఇలాంటివి చాలా చోట్ల తప్పనిసరి ఫీజులు, ఆడినా ఆడకపోయినా కట్టాల్సిందే. కొన్నిచోట్ల పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లకి మాత్రం ఉండవు. మీలో ఎవరైనా అప్లై చేస్తుంటే ఒక పని చేయండి. ట్యూషన్ ఎంత అని మాత్రమే చూసి ఆగిపోవద్దు. యూనివర్సిటీ స్టూడెంట్ అకౌంట్స్ పేజీలో మాండేటరీ ఫీజుల పట్టిక ఉంటుంది, అందులో అథ్లెటిక్స్ అన్న లైన్ వెతకండి. క్రెడిట్ అవర్‌కి ఇంత అని ఉంటే మీ క్రెడిట్లతో గుణించండి. ఆ తర్వాత ఆ కాలేజీ పేరు పక్కన "ఎఫ్‌బీఎస్ ట్రాన్సిషన్" అని కొట్టి వార్తలు చూడండి. పైకి వెళ్లే హడావిడిలో ఉంటే ఆ అంకె రేపు పెరగొచ్చు. నాకు ఇవి ఎవరూ చెప్పలేదు, అందుకే చెప్తున్నా.

వాడికి ఇదంతా గంటసేపు ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని చివర్లో అడిగాడు, "అయితే అన్నయ్యా, స్టూడెంట్ ఐడీ చూపిస్తే మ్యాచ్‌లకి టికెట్ ఫ్రీయేనా?"

"ఫ్రీ కాదురా, ముందే కట్టేశావ్" అన్నాను.

"అయితే ఒక్క మ్యాచ్ కూడా వదలను" అన్నాడు. నేను చదువుకున్న రెండేళ్లలో ఒక్కటంటే ఒక్క మ్యాచ్‌కి వెళ్లలేదు. శనివారం రాత్రుళ్లు స్టేడియం లైట్లు, అరుపులు నా రూమ్ కిటికీ దాకా వచ్చేవి. నేను అసైన్‌మెంట్ రాసుకుంటూ కూర్చునేవాణ్ని. వాడు నాకంటే తెలివైనవాడు.